మాలోక్‌లో హార్డ్‌ఫాల్ట్: అసెంబ్లీ చదవడమా, న్యూలిబ్ మళ్లీ బిల్డ్ చేయడమా?

బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్ తెలుగువాళ్లం లంచ్‌కి కూర్చుంటే తెగని వాదన ఇది. కార్టెక్స్-ఎం (ఆర్మ్ వాళ్ల చిన్న ప్రాసెసర్) బోర్డు మీద ప్రోగ్రామ్ సీ లైబ్రరీ లోపల ఎక్కడో హార్డ్‌ఫాల్ట్‌తో, అంటే ప్రాసెసర్ పట్టుకున్న తీవ్రమైన తప్పుతో, పడిపోతుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో స్టెప్ కొడితే ఆ ఫంక్షన్‌ను దాటేస్తుంది. టూల్‌చెయిన్‌తో (కంపైలర్, లింకర్ల సెట్) వచ్చే సీ లైబ్రరీ న్యూలిబ్‌లో సాధారణంగా డీబగ్ సమాచారం (ఏ ఇన్‌స్ట్రక్షన్ ఏ సోర్సు లైనుదో చెప్పేది) ఉండదు మరి.

ఉన్నదాంతో నెట్టుకొచ్చేవాళ్లు స్టెప్ఐ కమాండ్ వాడి ఒక్కో అసెంబ్లీ ఇన్‌స్ట్రక్షన్ చూస్తారు. మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీకి ఇది చాలు. ఫంక్షన్ మొదట్లో ఆగితే ఆర్0 రిజిస్టర్‌లో గమ్యం, ఆర్1లో మూలం, ఆర్2లో సైజు కనిపిస్తాయి. చాలాసార్లు తప్పు మనం పంపిన పాయింటర్‌దే.

మెమరీ కేటాయించే మాలోక్ అలా కాదు. అది పడిపోయే చోటు వేరు, హీప్‌ను (అది పంచే మెమరీని) పాడుచేసిన చోటు వేరు. ఏ మెమరీ బ్లాక్ హెడర్ (దాని సైజు వగైరా ఉండే చోటు) చెడిందో తెలిస్తే అక్కడ వాచ్‌పాయింట్ (ఆ చోట ఎవరైనా రాస్తే ప్రోగ్రామ్‌ను ఆపేది) పెట్టి దొంగను పట్టుకోవచ్చు. దానికి సోర్సు కళ్లెదుట ఉండాలి. అందుకే అదే వెర్షన్ న్యూలిబ్ తెచ్చి డీబగ్ సమాచారంతో బిల్డ్ చేయడం నయం.

చాలామంది ఇక్కడ ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడ్‌ను చిన్నగా, వేగంగా చేయడం) కూడా తీసేస్తారు. నాకది నచ్చదు: కోడ్ ఉబ్బుతుంది, టైమింగ్ మారుతుంది, బగ్ మాయమైనా ఆశ్చర్యం లేదు. పాత ఆప్టిమైజేషన్ ఉంచి డీబగ్ సమాచారం ఇచ్చే మైనస్ జీ (-g) ఆప్షన్ ఒక్కటే చేర్చండి. ఆ సమాచారం కంప్యూటర్‌లో బిల్డ్ ఇచ్చే ఈఎల్ఎఫ్ ఫైల్లోనే ఉంటుంది, బోర్డు ఫ్లాష్‌లో చోటు తినదు. ఆప్టిమైజేషన్ ఉంది కాబట్టి స్టెప్ చేస్తుంటే లైన్లు అటూ ఇటూ గెంతుతాయి, కొన్ని వేరియబుల్స్ కనిపించవు, సర్దుకోవాలి. ప్రాజెక్టు నానో వెర్షన్ (న్యూలిబ్‌లో చిన్న రకం) వాడుతుంటే దాన్నే బిల్డ్ చేయాలి, ఫ్లోట్ ఏబీఐ (దశాంశ సంఖ్యలను ఫంక్షన్లకు పంపే పద్ధతి) కూడా ప్రాజెక్టుతో కలవాలి.

ఇక ప్రింట్‌ఎఫ్ అసెంబ్లీ చదవమంటే మాత్రం నేను టీకి లేచిపోతాను.