ఎత్తించిన థార్‌కు పట్టిన వణుకు, గుత్తి రోడ్డు షెడ్డులో వదిలింది

నాది 2017 పాత థార్, డీజిల్. వెనక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు), ముందర టార్షన్ బార్లు (మెలికపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). గార్లదిన్నె పక్కన చీనీ తోట ఉంది. ట్రాక్టర్లు తిరిగీ తిరిగీ తోటదారి గాళ్లు పడిపోయి, మధ్యలో మిట్ట వెనక హౌసింగ్‌కు (ఇరుసు ఉండే గొట్టానికి) గీసుకునేది. అందుకని పోయిన ఏడాది బెంగళూరులో బండిని రెండంగుళాలు ఎత్తించాను. వెనక కమాన్ కట్టల కింద అంగుళం మందం దిమ్మెలు, వాటికి తోడు పొడుగు షాకిళ్లు (కట్ట వెనక కొసను ఛాసిస్‌కు తగిలించే పట్టీలు). ముందర టార్షన్ బార్లు బిగించారు, అంతే.

తిరిగి వస్తుంటే పెనుకొండ కూడా రాకముందే మొదలైంది. 60 దాటగానే అడుగు నుంచి జివ్వుమని ఒక వణుకు. 75 దగ్గరికి వచ్చేసరికి లోపలి అద్దంలో వెనక లారీ రెండుగా కనిపించేది. ఆ తర్వాత ఆరు నెలల్లో రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, ఇంజన్ మౌంటింగులు మార్పించాను, ప్రొపెల్లర్ (గేరుబాక్సు వైపు నుంచి ఇరుసును తిప్పే షాఫ్టు) రెండు కొసల్లో కీళ్లలా వంగే క్రాస్‌లు రెండూ కొత్తవి వేయించాను. 14 వేల పైచిలుకు పోయింది. వణుకు మాత్రం అట్లే ఉంది. ఎత్తించిన చోటికి ఫోన్ చేస్తే "లిఫ్ట్ చేసిన బండికి ఆ మాత్రం ఉంటుంది సార్" అన్నారు.

చీనీకాయల లోడు తోలే లారీ డ్రైవరు ఒకాయన చెప్పాడు, అనంతపురంలో గుత్తి రోడ్డు వైపు ఒక షెడ్డు ఉంది, ప్రొపెల్లర్ పని తప్ప ఇంకోటి చేయరు అని. షెడ్డుకు బోర్డు లేదు. ముందర పాత షాఫ్టులు చెరుకు గడల్లా గోడకు ఆనించి ఉంటాయి, అదే గుర్తు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లే పిలిచాను.

అంతకుముందు చూసినవాళ్లందరూ బండి కిందికి దూరి పానా పట్టుకున్నారు. ఈయన పానా ముట్టలేదు. నన్నే తోలమని తాను వెనక సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి పాదాలు అడుగు రేకుకు ఆనించాడు. హైవే ఎక్కి 75 మీద నాలుగో గేరులో తోలమన్నాడు, అదే వేగం మీద ఐదులో వేయమన్నాడు. వణుకు మారలేదు. న్యూట్రల్ చేయమన్నాడు. కొంచెం తగ్గింది కానీ పోలేదు. "ఇంజన్‌ది కాదప్పా. ఇంజన్‌దయితే గేరు మారితే మారాల," అన్నాడు. మౌంటింగులకు పెట్టిన డబ్బు గుర్తొచ్చి నేనేమీ మాట్లాడలేదు.

మరి టైరు కాదని ఎట్లా తెలుసు అని అడిగాను. "టైరుది ఊపు, షాఫ్టుది జివ్వు," అన్నాడు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ప్రొపెల్లర్ మూడున్నర, నాలుగు చుట్లు తిరుగుతుంది కాబట్టి దాని వణుకు సన్నగా, వేగంగా ఉంటుంది. ముందర టైరుదైతే స్టీరింగ్‌లో ఊగుతుంది. నా స్టీరింగ్ నిమ్మళంగానే ఉంది. ఇంకో మాట, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువై, వదిలితే తగ్గుతోంది. షాఫ్టు వంగినా, బ్యాలెన్స్ తప్పినా తొక్కినా వదిలినా పెద్ద తేడా రాదంట. లోడు పడినప్పుడు పెరిగిందంటే కోణం మీదే అనుమానం.

షెడ్డుకు తిరిగొచ్చాక ముందర ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టి మళ్లీ ఒక రౌండు పోయాం. అదే వణుకు. అంటే వెనకదే. అప్పుడు కిందికి దూరాడు. క్రాస్‌లలో ఆట లేదు, షాఫ్టుకు సొట్ట లేదు, జారుడు స్ప్లైన్ (షాఫ్టు ముక్కలు పళ్లతో ఒకదాంట్లో ఒకటి జారే చోటు) దగ్గర రెండు యోక్‌లు (క్రాస్‌ను పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయి. క్రాస్‌లు మార్చేటప్పుడు షాఫ్టు విడదీసి ఒక పన్ను అటూ ఇటూగా ఎక్కించేవాళ్లు చాలామంది ఉన్నారంట, అందుకే దాన్ని ముందు చూస్తాడు.

తర్వాతి పనికోసమే ఈ రివ్యూ రాస్తున్నా. చదునైన గచ్చు మీద బండిని నాలుగు చక్రాల మీదే నిలిపాడు. జాకీ పెట్టి ఛాసిస్ లేపితే హౌసింగ్ వేలాడి కొలతలన్నీ తప్పుతాయి. అయస్కాంతంతో అంటుకునే కోణమానిని మూడు చోట్ల పెట్టి సుద్దముక్కతో గోడ మీద రాశాడు: ట్రాన్స్‌ఫర్ కేసు (ముందర, వెనక ప్రొపెల్లర్లకు బలం పంచే పెట్టె) బయటి కొస 4 డిగ్రీలు, షాఫ్టు 11, వెనక పినియన్ (షాఫ్టు తగులుకునే హౌసింగ్ మూతి) 7. అంటే ఈ షాఫ్టుకు ముందర కొసనున్న క్రాస్ 7 డిగ్రీలు వంగి తిరుగుతోంది, వెనక క్రాస్ 4.

వంగి తిరిగే క్రాస్ షాఫ్టును ఒకే వేగంతో తిప్పలేదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకు తోసి, రెండుసార్లు వెనక్కు లాగుతుంది. వెనక క్రాస్ కూడా అంతే కోణంలో ఉంటే ఆ తేడాను అక్కడికక్కడ చెల్లగొడుతుంది. నా బండిలో ముందర ఏడు అప్పు, వెనక నాలుగే జమ. మిగిలిన మూడు నా నడుముకు తగులుతోంది. దిమ్మెలు పినియన్‌ను ఉన్న కోణంలోనే ఉంచి షాఫ్టు వాలును పెంచాయి. పొడుగు షాకిళ్లు కమాన్ కట్ట వెనక కొసను కిందికి దించి పినియన్ మూతిని పైకి ఎత్తేశాయి.

ఆయన చేసింది చిన్న పనే. పాత షాకిళ్లు మళ్లీ వేశాడు (నయం, నేను పారేయలేదు). గేరుబాక్సు కింద అడ్డ దూలానికి పక్క లేత్‌లో తిప్పించిన అరంగుళం బిళ్లలు పెట్టి దించాడు. మళ్లీ కొలిస్తే కేసు 5, షాఫ్టు 8, పినియన్ 4. ముందర 3, వెనక 4. ఆ ఒక్క డిగ్రీ తేడా కావాలనే ఉంచానన్నాడు. యాక్సిలరేటర్ తొక్కి లోడు పడగానే కమాన్ మెలికపడి పినియన్ మూతి కొద్దిగా లేస్తుంది, అప్పుడు రెండూ సమానమవుతాయి. వెనక ఎత్తు ఒక అంగుళం పోయింది. ఎత్తు అట్లే ఉంచి సరిచేయమని కొంచెం బతిమాలాను కూడా. "రెండంగుళాలే కావాలంటే డబల్ జాయింట్ షాఫ్టు చేయించుకో, అది వేరే లెక్క, వేరే డబ్బు," అని మళ్లీ మాట్లాడలేదు.

ఖర్చు మొత్తం 3,200. కూలి 2,500, బిళ్లలకు, పొడుగు బోల్టులకు మిగతాది. బిల్లు ఇవ్వరు. పొద్దున పదకొండుకు రమ్మని సాయంత్రం నాలుగుకు బండి ముట్టుకున్నారు. బిళ్లలు మరుసటి రోజుకు గాని రాలేదు. కూర్చోవడానికి ఒక స్టూలు ఉంది, దాని మీద ఎప్పుడూ గ్రీజు డబ్బా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం పోకండి, ఎవరూ ఉండరు. చెప్పింది వినకుండా మనం ఎదురు చెప్తే ఆయనకు వెంటనే కోపం వస్తుంది, ఇది కూడా తెలుసుకుని పోవడం మంచిది.

200 కిలోమీటర్లు తిరిగాక కమాన్ కట్టలను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించుకుపొమ్మన్నాడు, పోయాను. దానికి డబ్బు తీసుకోలేదు. మొన్న పామిడి దాకా పోయొచ్చాం. పెన్న వంతెన మీద 80 ఉంది, అద్దంలో లారీ ఒక్కటే కనిపించింది. 95 దాటితే సన్నగా ఒక హోరు ఉంది. భాయ్‌కి చెప్తే, "అంత వేగం ఎందుకు నీకు, తోటకే కదా పొయ్యేది?" అన్నాడు.