పని చేసుకుంటూ కామెడీ ఆల్బమ్స్, ఫోకస్ మ్యూజిక్ వినడానికి మ్యూజిక్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది? ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

ఎనిమిది నెలలుగా ఒకే మ్యూజిక్ యాప్‌కి నెలనెలా డబ్బులు కడుతున్నా, అదీ పాటల కోసం కాదు. పని చేసుకునేటప్పుడు చెవిలో ఏదో ఒకటి ఉండాలి నాకు, కొన్ని పనులకి ఫోకస్ మ్యూజిక్, కొన్ని పనులకి స్టాండప్ కామెడీ ఆల్బమ్స్. యాప్ పేరు రాయట్లేదు, నేను చెప్పే ఇబ్బందులు వేరే యాప్స్‌లో కూడా ఉండొచ్చు, మీది ఏదైనా ఒకసారి చెక్ చేసుకోండి.

నా అసలు పని డాక్యుమెంట్లు చదివి తప్పులు దిద్దడం. దీనికి మాత్రం మాటలు ఉన్నది ఏదీ పనికిరాదు. చెవిలో ఒక్క మాట పడిందా, చదివిన లైను మళ్ళీ మొదట్నుంచి చదవాల్సిందే. అర్థం కాని భాషలో పాటలైతే ఏం కాదులే అని చాలామంది అంటారు, నేనూ అలాగే అనుకుని కొరియన్ పాటలు పెట్టుకున్నా, కుదర్లేదు. తర్వాత తెలిసింది ఏంటంటే 1976లోనే కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద ప్రయోగం చేశారు, స్క్రీన్ మీద అక్షరాలు చూపించి వరసగా గుర్తుపెట్టుకోమని చెప్పి, పక్కన జర్మన్‌లో ఎవరో చదువుతున్న రికార్డింగ్ పెడితే ఆ భాష రానివాళ్ళు కూడా ఎక్కువ తప్పులు చేశారు. 1989లో సలామే, బాడ్లీ చేసిన ప్రయోగాల్లో కూడా గొంతుతో ఉన్న పాటే ఉత్త వాయిద్యాల కన్నా ఎక్కువ చెడగొట్టింది. చదివేటప్పుడు మనం లోపల పలుక్కుంటాం కదా, బయటి గొంతు వచ్చి సరిగ్గా అక్కడే అడ్డం పడుతుంది.

అందుకే యాప్ మీద నా మొదటి కంప్లైంట్ ఇదే. "ఫోకస్" అని పేరు పెట్టిన ప్లేలిస్టుల్లో నాలుగైదు ట్రాకులయ్యాక ఎవరో ఒకరు గొంతెత్తుతారు. గొంతు లేనివి మాత్రమే చూపించు అనే ఫిల్టర్ ఒక్కటి ఇస్తే ఎంత బాగుండేదో! చివరికి ప్లేలిస్టులు మానేసి ఆల్బమ్స్‌కి వచ్చా. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో తెచ్చిన మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్ ఆల్బమ్ నాకు బాగా కుదిరింది, మొదటి ట్రాకే దాదాపు 17 నిమిషాలు. వేర్వేరు పొడవుల టేపు లూపుల్ని (మళ్ళీ మళ్ళీ అదే తిరిగే టేపు ముక్కల్ని) ఒకేసారి తిప్పుతూ చేశాడు కాబట్టి స్వరాలు అవే వస్తున్నా కలిసే తీరు మారుతూ ఉంటుంది, నెక్స్ట్ ఏం వస్తుందా అని మనసు ఎదురుచూడదు. నాకు కావాల్సింది అదే.

ఇక కామెడీ. స్కాన్ చేసిన పేజీలకి పేర్లు మార్చడం, ఫోటోలు ఫోల్డర్లలో సర్దడం, ఇలాంటి చేతిపనికి దీన్ని మించింది లేదు, ఆ పని మధ్యలో వదిలేసి ఫోన్ పట్టుకునే అలవాటు నాకు దీనివల్లే తగ్గింది. కాకపోతే ఇప్పటికే రెండు మూడు సార్లు విన్న ఆల్బమే పెట్టుకోండి. కొత్తదైతే చెయ్యి ఆగిపోతుంది. అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ 1960 ఆల్బమ్ ఉంది, ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ కొట్టిన కామెడీ రికార్డు, అందులో కొన్ని ట్రాకుల్లో ఆయన ఫోన్‌లో ఒకవైపు మాటలే మాట్లాడతాడు, అవతలి మనిషి ఏమన్నాడో మనమే ఊహించుకోవాలి. మొదటిసారి విన్నప్పుడు పని పక్కన పెట్టేసి కూర్చుండిపోయా, అంత బాగుంది. నాలుగోసారికి గానీ పనిలోకి పనికిరాలేదు.

యాప్‌కి మాత్రం కామెడీ అంటే పాటల్లాంటిదే. షఫుల్ ఆన్‌లో ఉంటే కథ తలకిందులు, మొదట్లో చెప్పిన జోకు చివర్లో మళ్ళీ తగిలించే చోట నవ్వే రాదు. మ్యూజిక్ కోసం పెట్టుకున్న క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ అయిపోతుండగానే తర్వాతిది మొదలయ్యే సెట్టింగ్) అలాగే ఉండిపోతే పంచ్ మీద తర్వాతి ట్రాక్ ఎక్కేస్తుంది. ఆటోప్లే ఆపకపోతే ఆల్బమ్ అవ్వగానే సంబంధం లేని పాట మోగుతుంది. మూడూ ఆఫ్ చేశాక హాయిగా ఉంది, కానీ మ్యూజిక్‌కి ఒక సెట్టింగ్, కామెడీకి ఒక సెట్టింగ్ అని విడిగా పెట్టుకునే వీలు లేదు, ప్రతిసారీ మార్చుకోవాల్సిందే.

ఇంకోటి, ఆల్బమ్స్ మాయమవడం. 2021 చివర్లో ఒక పెద్ద స్ట్రీమింగ్ సర్వీసు నుంచి చాలామంది కమెడియన్ల రికార్డింగులు తీసేశారు. పాటకైతే రికార్డింగ్‌కి వేరు, రాసినవాళ్ళకి వేరు రాయల్టీ వస్తుంది, జోకులు రాసినందుకు కూడా అలాగే ఇవ్వాలి కదా అన్నదే గొడవ. వాళ్ళు అడిగింది న్యాయమే అని నా అభిప్రాయం, ఒక్క గంట సెట్ వెనక ఎంత రాత ఉంటుందో వినేవాళ్ళకి తెలుసు. నా లైబ్రరీలో కూడా రెండు ఆల్బమ్స్ ఒకరోజు బూడిద రంగులోకి మారిపోయాయి, డౌన్‌లోడ్ చేసుకున్నవి కూడా ప్లే అవ్వలేదు. అప్పట్నుంచి బాగా ఇష్టమైనవి ఫైలుగా అమ్మితే కొనేసుకుంటున్నా.

రేటింగ్ అంటే మ్యూజిక్‌కి 5కి 4, కామెడీకి రెండున్నర. సబ్‌స్క్రిప్షన్ అయితే ఆపట్లేదు, గొంతు ఫిల్టర్ కావాలని వాళ్ళకి రెండుసార్లు రాశా, మీరూ రాయండి.