విండోస్ ఎంత, ఆండ్రాయిడ్ ఎంత: ఏ దారిలో చూడటం మేలు?

మొన్న మా బాబాయ్ ప్రింటర్ కొన్నారు. డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) దించుకోబోతే, మీది విండోస్ 10 ఆ, 11 ఆ అని అడిగిందట. "ల్యాప్‌టాప్ బిల్లులో 10 అని ఉందిరా, అదే నొక్కనా?" అని ఫోన్ చేశారు. బిల్లు చెప్పేది కొన్ననాటి సంగతి. తర్వాత ఉచితంగా వచ్చిన అప్‌గ్రేడ్‌కి ఇంట్లో ఎవరో సరేనని నొక్కేసి ఉంటే, అది బిల్లులోకి ఎక్కదు కదా.

ఇలా ఫోన్లో చెప్పి చూపించాల్సి వస్తే నా ఓటు విన్‌వెర్ అనే చిన్న కమాండ్‌కే. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. "డబ్ల్యూ, ఐ, నెల్లూరు ఎన్, విజయవాడ వి, ఈ, ఆర్... కొట్టారా బాబాయ్?" మెనూలు వెతుక్కోవడం ఉండదు. విండోస్ 10 అయినా 11 అయినా ఇదే పద్ధతి.

వచ్చిన కిటికీలో పైన పెద్దగా విండోస్ పేరు ఉంటుంది. బాబాయ్ దాన్ని వదిలేసి కింద ఉన్నది చదివారు: "22హెచ్2 అంటోంది." చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 22హెచ్2 అనే వెర్షన్ విండోస్ 10లోనూ ఉంది, 11లోనూ ఉంది. పక్కన బిల్డ్ నంబరు, అంటే ఆ విండోస్ లోపలి వరస నంబరు, చదవమన్నాను. 22621తో మొదలైంది, అంటే 11. విండోస్ 10 ఆఖరి వెర్షన్ బిల్డ్ 19045, 11 మొదలైందే 22000 నుంచి. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడీ తేడా ప్రింటర్‌తో పోయేది కాదు.

విన్‌వెర్ చెప్పనివీ ఉన్నాయి. 32 బిట్లా 64 బిట్లా, ర్యామ్ ఎంత అన్నవి కావాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవాలి. విండోస్ 11 అయితే బిట్ల ప్రశ్నే లేదు, అన్నీ 64. రిపేర్ చేసే అబ్బాయికి వివరాలు వాట్సాప్‌లో పంపాలంటే మాత్రం ఇదే మేలు, కాపీ బటన్ అక్కడే ఉంటుంది.

కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) సిస్టమ్‌ఇన్ఫో అని కొడితే కాసేపు ఆలోచించి చాంతాడంత జాబితా ఇస్తుంది. ఆఫీసులో పది కంప్యూటర్లు చూసుకునేవాళ్లకు పనికొస్తుంది, ఇంట్లో ఎందుకు? అక్కడే వెర్ అనే కమాండ్ ఇంకో తిరకాసు: విండోస్ 11లో కూడా వెర్షన్ 10.0 అనే మొదలుపెడుతుంది. మ్యాక్‌లో ఈ గొడవేమీ లేదు. ఎడమవైపు పైన యాపిల్ గుర్తు నొక్కితే మొదటి వరసలోనే ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. శాంసంగ్‌లో అబౌట్ ఫోన్ తెరిచాక సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌లోకి కూడా వెళ్లాలి. షావోమీలో హైపర్‌ఓఎస్ (ఆండ్రాయిడ్ మీద ఆ కంపెనీ తొడిగిన సొంత సాఫ్ట్‌వేర్) నంబరు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, దాన్నే ఆండ్రాయిడ్ నంబరు అనుకునేవాళ్లు చాలామంది. అందుకే ఫోన్లో ఎవరికైనా చెప్పేటప్పుడు దారి చెప్పను. సెట్టింగ్స్‌లో పైనున్న సెర్చ్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ అని కొట్టమంటాను. ఐఫోన్‌కి జనరల్, అబౌట్ చాలు. ఐఓఎస్ 18 తర్వాత 26 కనబడితే టెన్షన్ పడక్కర్లేదు. 2025లో నంబర్లను ఏడాదిని బట్టి మార్చారంతే, మధ్యలో ఏ అప్‌డేటూ పోలేదు.

ఇక మీ సిస్టమ్ ఏదో మేమే చెబుతాం అనే వెబ్‌సైట్లు. ప్రింటర్ పని అయ్యాక బాబాయ్ హుషారుగా కొత్త ఫోన్లో అలాంటిదొకటి తెరిచారు. "ఆండ్రాయిడ్ 10 అంటోందిరా, పాత సరుకు అంటగట్టారు!" అని మళ్లీ ఫోన్. క్రోమ్ ఇప్పుడు అసలు నంబరు బయటపెట్టదు. ఫోన్లో ఏదున్నా మామూలుగా ఆండ్రాయిడ్ 10 అనే సైట్లకు చెప్పుకుంటుంది. చాలా సైట్లు అదే నిజమనుకుని మనకు చూపిస్తాయి. సెట్టింగ్స్‌లో చూడమంటే 14 అని ఉంది. అప్పటికే ఆయన షాపుకి బయల్దేరడానికి చెప్పులు వేసుకున్నారట.