చదివింది అర్థం చేయించే కంప్యూటర్ ట్యూటర్: దేవరకొండ దిక్కు బడిలో వాడి చూశాక

మాది దేవరకొండ దిక్కున ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. ఏడో తరగతి పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు. అందులో ఏముందిరా అంటే మొదటి రెండు లైన్లు అప్పజెప్తారు. అందుకే ల్యాబ్‌లో ఈ ట్యూటర్ పెట్టుకున్నాం. వరుసగా రెండు బ్యాచ్‌లకు వాడాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ఇది ఉచ్చారణో స్పెల్లింగో నేర్పేది కాదు. రాసినవాళ్లు పాఠాన్ని ఎలా అల్లారో పట్టుకోమంటుంది. అమెరికా పరిశోధకురాలు బానీ మేయర్ చెప్పిన ఐదు రూపాలే దీనికి ఆధారం: పోలిక, సమస్య-పరిష్కారం, కారణం-ఫలితం, వరుసక్రమం, వర్ణన. తెర మీద బొమ్మ ముందు తాను చదివి చూపిస్తుంది. తర్వాత ఏ రూపమో తెలిపే మాటల మీద పిల్లలతో క్లిక్ చేయిస్తుంది. చివర ముఖ్య విషయాన్ని ఒక్క వాక్యంలో టైప్ చేయమంటుంది.

నేర్పడంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఇచ్చిన పాఠాలన్నీ మంచు తుఫానులు, బేస్‌బాల్. మా పిల్లలకు అవేం పడతాయి? అందుకే నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఒక పేజీ నేనే రాసి ప్రింట్ తీసి ఇచ్చాను. బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ఏమవుతుందో, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నం కలిపి తేర్చే 'నల్లగొండ పద్ధతి' ఎలా నడుస్తుందో, తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఎలా వచ్చాయో అందులో ఉంది. సమస్య ఏంటి, దేనివల్ల, ఏం చేశారు అని మూడు ముక్కలు చేసి, వెనక బెంచీ పిల్లలు కూడా సొంతంగా సారాంశం రాశారు. పోలికకు మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింది వరి, మా దిక్కు బత్తాయి తోటలు సరిపోయాయి.

అసలు తలనొప్పి జవాబులు దిద్దే దగ్గర. ఒక అమ్మాయి సొంత మాటల్లో చక్కగా రాస్తే 'మళ్లీ ప్రయత్నించు' అంది. పక్కవాడు పాఠంలోని పెద్ద పెద్ద మాటలు క్రియ లేకుండా కుప్ప పోస్తే పూర్తి మార్కులు. వారం తిరగకముందే వాళ్లకు కిటుకు దొరికింది. "సార్, గీ బొమ్మ మనం రాసింది సదువుతలేదు, మాటలు ఎతుకుతున్నది" అన్నాడొకడు. ఇంతకంటే బాగా సమీక్ష నేను రాయలేను. దానికి తోడు ఒక పాఠానికి ఒకే రూపం ఒప్పుకుంటుంది. మా ఫ్లోరైడ్ పేజీలాగా కారణం, సమస్య రెండూ కలిసి ఉన్నది ఇస్తే అది ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడులకు ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వస్తున్నాయి కదా, ముందు తెలుగు పేజీలో రూపం పట్టించి, ఆ తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చోబెడితే టెన్షన్ సగం తగ్గింది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఇంగ్లిష్‌లో ఆ గుర్తు మాటలు తరచుగా వాక్యం మొదట్లోనే కనిపిస్తాయి. మనకు 'తాగడం వల్ల', 'తాగినా' అంటూ క్రియకు అతుక్కుని ఉంటాయి. అది బోర్డు మీద మనమే చూపించాలి.

టైపింగ్ నత్తనడక. సిస్టమ్‌లు చాలక ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాం, అదే కలిసొచ్చింది. "పోలిక కాదురా, కారణం" అని వాళ్లు కొట్లాడుకునే ఆ పది నిమిషాల్లో జరిగిన చదువు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కడే కూర్చుంటే జరగలేదు.

ఏడు, ఎనిమిది తరగతులకు తీసుకోవచ్చు. ఇంకా కూడబలుక్కుని చదివేవాళ్లకు ఇది దండగ, వాళ్లకు ఫోన్‌లో గూగుల్ రీడ్ అలాంగ్ తెలుగులోనే ఉంది. ట్యూటర్ ఇచ్చే మార్కులు చూసి ర్యాంకుల పట్టిక గోడకు అంటించే బడికైతే మాత్రం అస్సలు వద్దు.