నేలపట్టు, పులికాట్ వైపా? భైరవకోన వైపా? ఒక్కరోజే ఉంటే ఏది మేలు

చలికాలం వస్తే మా నెల్లూరు ఇంట్లో ఇదే మాట, ఒక్కరోజు తిరిగొద్దామంటే అమ్మ భైరవకోన గుడులు, జలపాతం అంటుంది, పిల్లలు నేలపట్టు పక్షుల చెరువు, పులికాట్ సరస్సు అంటారు. రెండూ చాలాసార్లు చూశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

రెండిటికీ ప్రాణం ఒకటే, వాన. మనకి ఈశాన్య రుతుపవనాలే దిక్కు కదా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఆ నీళ్లే కొండమీద జలపాతం అవుతాయి, కింద చెరువు నింపి పక్షుల్ని రప్పిస్తాయి. అందుకే ముందు ఏ నెలలో పోతున్నారో చూసుకోండి.

నవంబర్లో వాన తెరిపిచ్చిన వారంలో అయితే భైరవకోనే. చంద్రశేఖరపురం (సీఎస్ పురం) మండలం కొత్తపల్లి దగ్గర, ఒకే కొండరాయిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే దాదాపు 200 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు, చుట్టూ అడవి. ఉదయగిరి మీదుగా పోతే దారిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ల దగ్గర ఆగండి, చేతిపని చాలా బాగుంటుంది. వేసవిలో మాత్రం ధార బాగా తగ్గిపోతుంది, ఎండకి రాయి కాలిపోతుంది, పెద్దవాళ్లని తీసుకుపోవద్దు.

ఇక నేలపట్టు, పులికాట్. నేలపట్టు సూళ్లూరుపేట దగ్గరే, 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ అది మన నెల్లూరు పక్కూరే. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, డిసెంబర్, జనవరిలో కట్టమీద నడుస్తుంటే పక్షిపిల్లల అరుపులతో చెవులు గింగురుమంటాయి, పెద్ద పక్షి చేప తెచ్చి నోరు తెరవగానే పిల్ల తల మొత్తం దాని ముక్కు కింద సంచిలోకి దూర్చేస్తుంది! నాకు ఇంకా నచ్చేది ఏందంటే అక్కడి రైతులు ఆ పక్షుల్ని ఇంటి పిల్లల్లా చూసుకుంటారు, ఎందుకంటే రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే అదే ఎరువు. అడవిశాఖ బోర్డు పెట్టక ముందు నుంచీ ఊరే కాపలా.

అక్కడినుంచి సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, ఒకవైపు స్వర్ణముఖి, కాళంగి లాంటి ఏర్ల మంచినీళ్లు, ఇంకోవైపు సముద్రం ఉప్పునీళ్లు. పొడుగు కాళ్ల ఫ్లెమింగో పక్షులకి లోతు పనికిరాదు, ముక్కు తలకిందులుగా పెట్టి బురద వడకట్టుకుని తింటాయి, అందుకే వానలు ఆగి నీళ్లు కాస్త తగ్గాక జనవరిలో బాగా కనిపిస్తాయి. కారాపి హారన్ కొట్టకండి, దగ్గరికి పరిగెత్తకండి, ఒక్కటి లేస్తే గుంపంతా లేచిపోతుంది, తినే టైమంతా పోతుంది వాటికి.

నా ఓటు అయితే పులికాట్ వైపే. జలపాతాలు వేరే చోట్ల కూడా ఉన్నాయి, ఒకే పూటలో మంచినీటి చెరువు, ఉప్పు సరస్సు, గూళ్లలో పిల్లలు, రోడ్డు పక్కన వేలాది ఫ్లెమింగోలు మన దగ్గర ఇంకెక్కడా దొరకవు. పొద్దున ఆరింటికల్లా నేలపట్టు కట్టమీద ఉండండి, బైనాక్యులర్స్ అడిగైనా తెచ్చుకోండి. అమ్మని మాత్రం వచ్చే కార్తీకంలో భైరవకోనకి తీసుకుపోతా, మాటిచ్చేశాను.