మోటారుకు కాపలా: బైమెటల్ రిలేనా, డిజిటల్ రిలేనా?

మోటారు వైండింగ్‌కు, అంటే లోపలి తీగ చుట్టలకు, అసలు శత్రువు వేడి. అది హద్దు మీరకముందే మోటారును ఆపించే కాపలా పరికరమే రిలే. పరిమితికి మించి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ (తీగ మీది రక్షణ పూత) ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క.

బైమెటల్ ఓవర్‌లోడ్ రిలేలో కరెంటు పెరిగితే లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ వేడెక్కి వంగుతుంది, మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్ అయిన కాంటాక్టర్ తెరుచుకుంటుంది. ధర తక్కువ, డయల్ తిప్పితే సెట్టింగ్ అయిపోతుంది. చిన్న పంపుకు ఇది చాలు.

అయితే ట్రిప్ అయ్యాక, అంటే రిలే మోటారును ఆపేశాక, ఆ చిన్న పట్టీ త్వరగా చల్లారుతుంది; పెద్ద మోటారు రోటరు (తిరిగే భాగం) ఇంకా వేడిగానే ఉంటుంది. ఆపరేటరు రీసెట్ నొక్కి మళ్లీ స్టార్ట్ చేస్తే, పూర్తి లోడు కరెంటుకు 6, 7 రెట్ల కరెంటు ఆ వేడి మీదే వచ్చి పడుతుంది. డిజిటల్ రిలే విలువ ఇక్కడే తెలుస్తుంది. సీటీల (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల) ద్వారా మూడు ఫేజుల కరెంటు కొలిచి, మోటారులో మిగిలిన వేడిని లెక్కగట్టి, చల్లారేదాకా స్టార్ట్ కానివ్వదు. ఫేజుల అసమతుల్యతను, ఎర్త్ ఫాల్ట్‌ను (కరెంటు భూమిలోకి లీకవడాన్ని), రోటరు బిగుసుకుపోవడాన్ని విడివిడిగా పసిగడుతుంది. ట్రిప్ అయిన క్షణంలోని కరెంట్లను నమోదు చేస్తుంది. నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే: కారణం తెలియకుండా రీసెట్ చేస్తూ పోతేనే మోటార్లు కాలిపోతాయి.

సాధారణంగా డిజిటల్ రిలేకు విడిగా కరెంటు సరఫరా కావాలి. సెట్టింగులు మోటారు డేటా షీటు చూసి ఇవ్వాలి. ఫ్యాక్టరీ విలువలతో వదిలేస్తే పెట్టిన డబ్బు దండగ. ఏ మోటారు ఆగితే ప్లాంటే ఆగిపోతుందో ఆ మోటారుకు మాత్రం డిజిటల్ రిలేయే పెట్టండి.