రాబిన్ కుక్ ‘కోమా’ చదివాక నైట్ డ్యూటీ

నేను వైజాగ్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో అనస్థీషియా టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళయింది. ‘కోమా’ గురించి మా డాక్టర్లు మాట్లాడుకుంటుంటే వినడమే తప్ప చదవలేదు, మొన్న మా బావగారు పాత పుస్తకాల్లో దొరికిందని తెచ్చిచ్చారు. సగం నైట్ డ్యూటీలో అయింది, మిగతాది ఆదివారం పొద్దున్న ఆర్‌కే బీచ్‌లో బెంచీ మీద కూర్చుని చదివాను, ఎండ నెత్తి మీదకొచ్చినా లేవబుద్ధి కాలేదు.

1977లో వచ్చిన పుస్తకం, రాసినాయనా కంటి డాక్టరే. కథ బోస్టన్‌లో. సూసన్ వీలర్ అనే మెడికల్ స్టూడెంట్ సర్జరీ పోస్టింగ్‌కి వస్తుంది. అప్పటికే నాన్సీ అనే అమ్మాయి డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొర గీకి శుభ్రం చెయ్యడం) కోసం వచ్చి, అంత చిన్న ప్రొసీజర్‌లో కోమాలోకి పోయుంటుంది. తర్వాత మోకాలి ఆపరేషన్‌కి వచ్చినాయన, సూసన్‌తో నవ్వుతూ మాట్లాడిన మనిషి, ఆయనా అంతే. పెద్ద డాక్టర్లేమో కాంప్లికేషన్లు మామూలే అంటారు, ఈ పిల్ల ఊరుకోదు.

నన్ను పట్టేసింది అదే. సూసన్ చేతిలో తుపాకీ లేదు, వెనక పోలీసులు లేరు, కేస్ షీట్లు ముందేసుకుని కూర్చుంటుంది. ఒక్కో షీటు విడిగా చూస్తే ఏమీ ఉండదు, అన్నీ పక్కపక్కన పెడితే అప్పుడు తెలుస్తుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఇంకో చోట కొత్తగా చేరిన సిస్టరమ్మాయి, వరుసగా ముగ్గురికి కుట్ల దగ్గర చీము పట్టింది, ముగ్గురిదీ ఒకే థియేటర్ కదా సార్ అని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అని అందరిముందూ కసిరారు. తర్వాత తేలిందేంటంటే ఆటోక్లేవ్, అదే ఆపరేషన్ సామాన్లని ఆవిరితో క్రిములు లేకుండా చేసే మెషిన్, సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఆరోజు నేనూ అక్కడే ఉన్నాను, ఆ అమ్మాయి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. సూసన్‌ని వాళ్ళు కసిరినప్పుడల్లా అదే గుర్తొచ్చింది.

చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, గుట్టు చెప్పేస్తున్నా. ఎనిమిదో నంబర్ థియేటర్‌కి వెళ్ళే ఆక్సిజన్ లైన్‌లో కార్బన్ మోనాక్సైడ్ కలుపుతారు. అది రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, రక్తం ఎర్రగానే ఉంటుంది, గోళ్ళు నీలం తిరగవు. ఇప్పుడు మనం వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటర్ కూడా ఈ తేడా పట్టలేదు, అంతా బాగానే ఉన్నట్టు అంకె చూపిస్తూనే ఉంటుంది. రోజూ డ్యూటీ ఎక్కగానే గ్యాస్ సిలిండర్లుండే మానిఫోల్డ్ రూమ్‌కెళ్ళి, నల్ల సిలిండర్‌కి తెల్ల భుజం ఉంటే ఆక్సిజన్, సిలిండరే నీలంగా ఉంటే నైట్రస్ అనే మత్తు గ్యాస్ అని చూసుకునే మనిషిని నేను. ఇది చదివిన రాత్రి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. ఇంకోమాట, ఇదంతా అవయవాల వ్యాపారం కోసం, అది చదివి అవయవదానం అంటే భయపడకండి. మన దగ్గర దీనికి చట్టం ఉంది, బ్రెయిన్ డెత్ అని నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి చెప్పాలి.

కోమా పేషెంట్లని తీగలతో గాల్లో వేలాడదీసి ఉంచే చోటొకటి ఉంటుంది చూడండి, బాబోయ్. బెడ్ సోర్లు రాకుండా ఐసీయూలో రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పే చేతులివి, ఆ సీన్ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

నచ్చనివీ ఉన్నాయి. మధ్యలో తరుముకోవడాలు మరీ సినిమాలా ఉన్నాయి, సూసన్‌ని తప్పిస్తే మిగతావాళ్ళ మనసులో ఏముందో పెద్దగా తెలీదు, ముగింపైతే గబుక్కున ఆపేశారు, ఇంకో పది పేజీలు ఉంటే బాగుండేది. ఇంగ్లీషు తేలికే, మెడికల్ మాటలు అర్థం కాకపోయినా కథ ఆగదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. నర్సింగ్, టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలు తప్పకుండా చదవండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ డేట్ ఇచ్చి ఉంటే మాత్రం, అది అయ్యి మనిషి ఇంటికొచ్చాక మొదలుపెట్టండి.